పౌరహక్కుల చట్టములు – అద్దె ఇంటి గడప

దిల్‌సుఖ్‌నగర్ బస్సు స్టాండు వెనుక నుండి చైతన్యపురి వైపు పోవు గల్లీలలో రెండు మూడు గేట్లకు ఒకటి చొప్పున "టు లెట్" అను అట్ట వ్రేలాడుచుండును. ప్రభుత్వోద్యోగముల ప్రకటన వెలువడిన నెలలో ఆ గల్లీలు నల్లగొండ, పాలమూరు, ఖమ్మము ప్రాంతముల యువకులతో క్రిక్కిరిసి ఉండును. వారు కోచింగు సెంటరులో ఫీజు కట్టి, పుస్తకముల సంచి భుజమున వేసికొని, గది కొరకు ఇల్లిల్లు తిరుగుచుందురు. గేటు తీసిన ఇల్లుగలామె అద్దె ఎంతో చెప్పును, అడ్వాన్సు ఎన్ని నెలలదో చెప్పును, నల్లా నీరు ఏ వేళ వచ్చునో చెప్పును. పిమ్మట ఒక ప్రశ్న వేయును. ఆమె కృష్ణా గుంటూరు ప్రాంతముల నుండి వచ్చి స్థిరపడినదైనచో "మీరేమిట్లు బాబూ?" అనును; నల్లగొండ ఆమె అయినచో "మీరేమోళ్ళు బిడ్డా?" అనును. యాస వేరు గాని అడుగుచున్నది ఒకటే. ఇంకను మర్యాద తెలిసినవారు ఇంటిపేరు మాత్రమే అడిగి ఊరకుందురు. జవాబు విన్న తరువాతగాని గది ఖాళీగా ఉన్నదో లేదో తేలదు. "అయ్యో, మా తమ్ముడు వస్తానన్నాడు, మరచేపోయాను" అని గేటు మెల్లగా మూసికొనును. కోపము లేదు, తిట్టు లేదు.

దీనికి సంబంధించిన చట్టమొకటి మన దేశమున 70 ఏండ్లుగా ఉన్నది. 1955 జూన్ 1వ తేదీన అమలునకు వచ్చిన అస్పృశ్యతా నేరముల చట్టమది. 1976లో సవరింపబడి పౌరహక్కుల పరిరక్షణ చట్టమను పేరు దాల్చినది. దుకాణము, హోటలు, బావి, శ్మశానము, సత్రము – వీనిలో ప్రవేశమును అడ్డగించుట నేరమని చెప్పు 4వ సెక్షనులోనే మరియొక వాక్యమున్నది. ఏ ప్రాంతమునందైనను నివాసగృహమును కట్టుకొనుటకు, సంపాదించుకొనుటకు, అందు కాపురముండుటకు అస్పృశ్యత కారణముగా ఆటంకము కల్పించుటయు నేరమే. అంతేకాదు, అవతలివాడు షెడ్యూల్డు కులమునకు చెందినవాడైనచో ఆ పని అస్పృశ్యత కారణముగనే జరిగినదని న్యాయస్థానము మొదట భావింపవలెననియు, కాదని చూపవలసిన భారము నిందితునిదే యనియు 12వ సెక్షను చెప్పుచున్నది. ఇంతకంటె గట్టిగా వ్రాయుట కష్టము. అయినను, దిల్‌సుఖ్‌నగర్‌లోగాని ఎల్.బి. నగర్‌లోగాని గది దొరకని కుర్రవాడు ఈ సెక్షను పట్టుకొని పోలీసు స్టేషనుకు పోయెనను వార్త ఇంతవరకు మా చెవిని పడలేదు.

"చట్టమున్నది గాని మనుష్యులు మారలేదు" అని చెప్పి చాలమంది ఈ విషయమును అంతటితో ముగింతురు. ఆ జవాబు మాకు చాలినట్లు లేదు. ఈ చట్టములు ఏ సమయమున వచ్చినవి, అప్పుడు ఎవరికి వానితో ఏమి పని పడినది అని విచారించినచో, అవి ఎంతదూరము నడచునో, ఎక్కడ కూలబడునో కొంత తెలియును.

దిల్‌సుఖ్‌నగర్ నుండి మలక్‌పేట మీదుగా మూసీ వైపు వచ్చినచో చాదర్‌ఘాట్ చేరుదుము. ఆ పరిసరములలో ఆది హిందూ భవనమును నెలకొల్పిన భాగ్యరెడ్డి వర్మ పేరు ఈనాటి హైదరాబాదీయులలో ఎందరికి తెలియునో చెప్పలేము. ఆయన 1888లో ఈ నగరముననే జన్మించెను. 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి హరికథల మూలమున వాడవాడలకు పోయెను. 1911లో అది మన్యసంఘమైనది. ప్రభుత్వము చేయని పనిని తలకెత్తుకొని నగరపు మాల మాదిగ వాడలలో ఇరువదికి పైగా పాఠశాలలు నడపెను, బోధన తెలుగులో. 1917లో బెజవాడలో జరిగిన పంచమ మహాసభకు అధ్యక్షుడుగా పోయి, పంచములను పేరు వలదు, మేము ఈ నేల తొలి బిడ్డలము, ఆది ఆంధ్రులము అని తీర్మానింపజేసెను. ఆ సభ జరిగిన దినములలో బెజవాడ కనకదుర్గ గుడి తలుపులు మూసియుంచిరి. సభకు వచ్చినవారు కొండ ఎక్కుదురేమో యని భయము.

ఆయన నిజాం ప్రభుత్వమును కోరిన కోరికలలో ఒకటి జనాభా లెక్కలకు సంబంధించినది. తమవారిని "ఆది హిందువులు" అని వేరుగా వ్రాయవలెనని ఆయన అడిగెను. 1931 లెక్కలలో ప్రభుత్వము అట్లే వ్రాసెను. విన్నపమును వెంటనే మన్నించిన ప్రభువు దయామయుడని అనుకొనవచ్చును. కాని ఆ సంవత్సరమెట్టిదో చూడవలెను. లండనులో రౌండు టేబులు సమావేశములు జరుగుచున్నవి. ఏ మతమువారికి, ఏ వర్గమువారికి ఎన్ని స్థానములు అను బేరము దేశమంతట సాగుచున్నది. హైదరాబాదు సంస్థానములో ఏలువారి మతమువారు నూటికి పదిమంది చిల్లర. హిందువుల లెక్క నుండి ఆది హిందువుల లెక్కను వేరుచేసినచో ఆ తేడా కొంత తగ్గి కనబడును. ఆ దశాబ్దముననే ఇత్తెహాదుల్ ముసల్మీన్ పక్షమున బహాదుర్ యార్ జంగ్ మతాంతరీకరణ ప్రచారము సాగించుచుండెను. ఇటు ఆర్యసమాజము శుద్ధి కార్యక్రమముతో బయలుదేరెను. వేయేండ్లుగా ఊరి బయట నిలిపినవారు ఇరుపక్షములకు ఒక్కసారిగా ముద్దువచ్చిరి.

ఈ సంగతి భాగ్యరెడ్డి వర్మ ఎరుగడని మేము అనుకొనము. తనకు కావలసిన పేరును, ఇచ్చువారికి ఇవ్వవలసిన పని పడిన వేళ చూచి పుచ్చుకొనెను. 1939లో ఆయన మరణించెను.

సంస్థానపు చివరి రోజులలో ఈ బేరము ఇంకను బాహాటమైనది. 1947లో ఇండియాలో చేరుటయా మానుటయా అను ప్రశ్న తలయెత్తినప్పుడు, నిమ్నవర్గముల నాయకులలో ఒకరైన బి.ఎస్. వెంకటరావు గారికి నిజాం మంత్రివర్గమున స్థానము లభించెను; నిమ్నవర్గముల విద్య కొరకు కోటి రూపాయల నిధి ఏర్పడెను. 1948 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితికి వినిపించుకొనుటకు పారిస్ వెళ్లిన హైదరాబాదు ప్రతినిధి వర్గములో శ్యాంసుందర్ గారుండిరి. ఆ నెలలోనే పోలీసు చర్య జరిగినది, సంస్థానము ముగిసినది. 1358 ఫసలీలో, అనగా 1948-49లో, కొత్త ప్రభుత్వము రెండు నిబంధనలు జారీచేసెను: ఒకటి హరిజనుల దేవాలయ ప్రవేశమునకు, రెండవది వారి సాంఘిక అనర్హతల తొలగింపునకు. నిన్నటివరకు పాత ప్రభువు వైపున్న నిమ్నవర్గముల నాయకులను తమవైపు త్రిప్పుకొనవలెను. మరియొక వైపు నల్లగొండ, వరంగల్లు పల్లెలలో వెట్టికి వ్యతిరేకముగా లేచిన కూలిజనము కమ్యూనిస్టుల వెంట ఉన్నది. సైనిక గవర్నరుకు ఆలయముల తలుపులపై అంత శ్రద్ధ కలుగుటకు ఇవి చాలునని మాకు తోచుచున్నది. ఆ రెండు నిబంధనలును 1955 చట్టము వచ్చినప్పుడు రద్దయిన పాత శాసనముల పట్టికలో చేరిపోయినవి.

కోస్తా ఆంధ్రము మద్రాసు రాష్ట్రములో ఉండెను గనుక అచ్చటి కథ వేరుగా నడచినది. 1932 ఆగస్టులో బ్రిటిషు ప్రధాని నిమ్నవర్గములకు ప్రత్యేక నియోజకవర్గములు ప్రకటించుట, గాంధీజీ ఎరవాడ చెరలో నిరాహారదీక్ష పూనుట, సెప్టెంబరు 24న అంబేద్కర్‌తో పూనా ఒడంబడిక కుదురుట మన శ్రోతలు ఎరిగినదే. ఒడంబడిక వేడి చల్లారక మునుపే రంగయ్యర్ గారు కేంద్ర శాసనసభలో దేవాలయ ప్రవేశ బిల్లు ప్రవేశపెట్టిరి. కాంగ్రెసువారు దానికొరకు ఊరూర సంతకములు సేకరించిరి. 1934లో కేంద్ర శాసనసభకు ఎన్నికలు ప్రకటింపబడెను. సనాతనుల ఓట్లు పోవునను భయము పుట్టెను. కాంగ్రెసు ఆ బిల్లునుండి మెల్లగా చేయి తీసివేసెను. అంబేద్కర్ ఈ ఉదంతమును మరువలేదు. 1945లో అచ్చువేసిన తమ గ్రంథమున వివరముగా వ్రాసిరి. 1938లో మద్రాసులో రాజాజీ ప్రభుత్వము ఉండగా ఎం.సి. రాజా ప్రతిపాదించిన పౌర అనర్హతల నిర్మూలన చట్టము నెగ్గినది. బావి, బాట, బస్సు అందులోనివి. ఆయనయే తెచ్చిన దేవాలయ ప్రవేశ బిల్లు మాత్రము నెగ్గలేదు. మరుసటి ఏడు మధుర మీనాక్షి ఆలయములోనికి హరిజనులు ప్రవేశించిన పిదప, ప్రవేశింపజేసినవారిని కేసులనుండి కాపాడుటకై హడావిడిగా శాసనము చేయవలసివచ్చెను. తిరువాన్కూరు మహారాజు 1936లో ఆలయములు తెరచుటకు ముందు ఏడాదియే, తాను హిందువుగా మరణింపనని అంబేద్కర్ యెవలాలో ప్రకటించెననియు, ఈళవులు మతము మారుదురను మాట తిరువాన్కూరులో బలపడెననియు గుర్తుంచుకొనవలెను.

స్వతంత్ర భారత రాజ్యాంగము 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దుచేసెను. దానిని నేరముగా శిక్షించు చట్టము వచ్చుటకు మరి ఐదేండ్లు పట్టెను. అది వచ్చిన కాలమును గమనింపుడు. దక్షిణాఫ్రికాలో భారతీయులపట్ల జరుగుచున్న వర్ణవివక్షను 1946 నుండి మన దేశము ఐక్యరాజ్యసమితిలో ఎండగట్టుచుండెను. 1955 ఏప్రిల్‌లో బాండుంగ్‌లో ఆసియా ఆఫ్రికా దేశములు సమావేశమై జాతివివక్షను ఖండించెను. మే 8న మన చట్టమునకు రాష్ట్రపతి ఆమోదము లభించెను. పొరుగింటి వాకిలి సంగతి మాటాడుటకు మన వాకిలి ఊడ్చి ఉండవలెను గదా. ఇది ఒక్కటే కారణమని మేమనము; కాని ఇది లేకున్నచో ఇంకెన్నాళ్లు పట్టెడిదో.

అమెరికాలోను అంతే. 1948 జూలైలో ట్రూమన్ అధ్యక్షుడు సైన్యములో వర్ణభేదమును తొలగింపుమని ఉత్తరువు ఇచ్చుసరికి ఆయన ఎన్నిక నాలుగు నెలల దూరములో ఉన్నది. ఉత్తరాది నగరములలో నీగ్రోలని అప్పుడు పిలువబడిన నల్లవారి ఓట్లు ఆయనకు అవసరము. పాఠశాలల కేసులో అమెరికా ప్రభుత్వమే 1952లో సుప్రీంకోర్టుకు, వర్ణవివక్ష వలన విదేశములలో మన పరువు పోవుచున్నదని విన్నవించుకొనెను. ఆ పరువు ఎట్లు పోవునో 1955 ఆగస్టులో మన రాయబారి జి.ఎల్. మెహతా గారికి అనుభవమైనది. హ్యూస్టన్ విమానాశ్రయపు భోజనశాలలో ఆయనను తెల్లవారి మధ్యనుండి లేపి వేరొక చోట కూర్చుండుమనిరి. విదేశాంగ మంత్రి డల్లెస్ క్షమాపణ చెప్పుకొనెను. మనవారికి ఆగ్రహము కలిగెను, కలుగవలసినదే. అప్పటికి మన దేశములో హోటలులో వేరు గ్లాసు పెట్టుట నేరమై మూడు నెలలు కాలేదు. ఆ గ్లాసు ఆ తరువాత చాలకాలము అట్లే ఉన్నది. 2001లో దర్బన్‌లో జాతివివక్షపై ఐక్యరాజ్యసమితి మహాసభ జరిగినప్పుడు, కులము జాతి కాదు, దానిని ఇచ్చట చర్చింపరాదు అని మన ప్రభుత్వము గట్టిగా వాదించెను.

1955 చట్టము బిల్లుగా ఉన్నప్పుడు, 1954 సెప్టెంబరులో, అంబేద్కర్ రాజ్యసభలో దానిని పరీక్షించి, శిక్షలు మరీ తేలికగా ఉన్నవనిరి. పేరులో నేరమునకు బదులు పౌరహక్కు ఉండవలెనని సూచించిరి. ఆ సూచన 22 ఏండ్లకు ఫలించెను, విచిత్రమైన కాలములో. ఇళయపెరుమాళ్ కమిటీ 1969లోనే నివేదిక ఇచ్చినది. సవరణ బిల్లు 1972 నుండి పార్లమెంటులో ఉన్నది. తుదకు అది చట్టమైనది 1976లో, ఎమర్జెన్సీలో, పౌరులకు హక్కులన్నియు తాత్కాలికముగా మూసియుంచిన దినములలో. దానికి పౌరహక్కుల పరిరక్షణ చట్టమని నామకరణము చేసి, నవంబరు 19న అమలులోనికి తెచ్చిరి. అది ప్రధాని ఇందిరాగాంధీ గారి జన్మదినము. శిక్ష కనీసము ఒక నెల, గరిష్ఠము ఆరు నెలలు. జరిమానా 100 రూపాయలకు తగ్గరాదు, 500 మించరాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో నేడు 500 రూపాయలతో గది కాదు గదా, గదికి తాళము చెవులు చేయించుకొని వచ్చుసరికి సరిపోవును.

ఆ తరువాతి చట్టము మన తెలుగు నేల నెత్తుటితో ముడివడినది. 1985 జూలై 17న ప్రకాశము జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలు హతులైరి. కత్తి పద్మారావు, బొజ్జా తారకం గార్లు ముందుండి దళిత మహాసభను నిర్మించిరి. చీరాలలోని శిబిరము దేశమున చర్చనీయాంశమైనది. 1989 సెప్టెంబరులో, సాధారణ ఎన్నికలకు రెండు నెలల ముందు, అత్యాచారముల నిరోధక చట్టము వెలువడెను. అమలులోనికి తెచ్చినది మరియొక ప్రభుత్వము, 1990 జనవరి 30న. ఈసారి గాంధీజీ వర్ధంతి. తేదీలు ఎన్నుకొనుటలో మన ప్రభుత్వములు ఏనాడును పొరపడలేదు. రెండేండ్లు తిరుగకమునుపే 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనమండుగురు దళితులు హతులైరి. ఆ ఊరిలోనే ప్రత్యేక న్యాయస్థానము పెట్టి విచారించి, 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష విధించిరి. 2014 ఏప్రిల్‌లో మూసీ ఒడ్డునగల హైకోర్టు అందరిని నిర్దోషులని విడిచిపెట్టెను. ఆ తీర్పును సుప్రీంకోర్టు నిలుపుదల చేసెను. 2018 మార్చిలో సుప్రీంకోర్టే ఈ చట్టము క్రింద అరెస్టులకు షరతులు పెట్టగా, ఏప్రిల్ 2న దేశమంతట బందు జరిగెను. ఆగస్టులో పార్లమెంటు ఆ షరతులను తొలగించెను. మరుసటి ఏడు ఎన్నికలు.

ఇదంతయు విని, ఇవన్నియు ఓట్ల చట్టములు, వీనివలన ప్రయోజనమేమి అని పెదవి విరచువారు కలరు. ఆ మాట వినుటకు తెలివిగా ఉండును గాని తప్పు. ఓటు అవసరపడినందున వచ్చినదైనను, చట్టము వచ్చిన తరువాత దానిని పట్టుకొని నిలిచినవారు వేలమంది. దయతో వచ్చిన దానికంటె అవసరముతో వచ్చిన దానికి మన్నిక ఎక్కువ కూడ కావచ్చును. 2023లో స్వాతంత్ర్య దినోత్సవపు రాత్రి ఎల్.బి. నగర్‌లో పోలీసులు పట్టుకొనిపోయిన లంబాడా స్త్రీ ఒకామె తనను స్టేషనులో కొట్టిరని ఆరోపించెను. గిరిజన సంఘములు రోడ్డెక్కెను. శాసనసభ ఎన్నికలు మూడు నెలలలో ఉన్నవి. సిబ్బందిలో ఇద్దరిని సస్పెండు చేసిరి, 1989 చట్టము క్రింద కేసు కట్టిరి. నలుగురు గుమిగూడిన చోట చట్టమునకు కాళ్లు వచ్చినవి.

అద్దె గది గేటు వద్ద నలుగురు గుమిగూడరు. ఉన్నది ఇద్దరే. అక్కడ ఎవరికిని ఎన్నికలు లేవు. ఇల్లుగలామెయు ఓటరే, ఆమె పక్షమున గల్లీ అంతయు ఓటర్లే. అమెరికావారు ఈ చిక్కును దాచుకొనక చట్టములోనే వ్రాసికొనిరి. అద్దె ఇండ్లలో వర్ణవివక్షను నిషేధించు బిల్లు 1966 నుండి అక్కడ ముందుకు సాగక నిలిచిపోయెను. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్య, రాజధానితో సహా నగరములు తగులబడుట, ఏప్రిల్ 11న సంతకము – వారములో పని పూర్తియైనది. కాని అందులో ఒక మినహాయింపు ఉంచిరి. యజమాని తానే కాపురముండు చిన్న ఇంటిలో, నాలుగు వాటాలకు మించనిచో, ఎవరికి ఇవ్వవలెనో ఆ యజమాని ఇష్టము. ఏ ఊరిలోను లేని మిసెస్ మర్ఫీ అను వృద్ధురాలి పేరిట ఆ మినహాయింపు ప్రసిద్ధికెక్కినది. మన చట్టములో మిసెస్ మర్ఫీ లేదు. చైతన్యపురి, కొత్తపేట గల్లీలలో మాత్రము క్రింద తాము, మీద మూడు గదులు అద్దెకు, ప్రతి ఇంటను ఆమెయే ఉన్నది. 2005లో ఒక పార్శీ గృహనిర్మాణ సంఘము తమవారినే సభ్యులుగా చేర్చుకొనుట తప్పుకాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన పిమ్మట, సంఘములకును కొంత ధైర్యము చిక్కెను.

గత ఏడాది యువజనుల కార్యక్రమమునకు సమాచారము కొరకు ఆ గల్లీలలో తిరుగునప్పుడు నల్లగొండ జిల్లా కుర్రవాడొకడు మాకు కనబడెను. ఉద్యోగ పరీక్షకు చదువుచున్నాడు; రాజ్యాంగము మాకంటె బాగుగా తెలియును. పదకొండు ఇండ్లు తిరిగితినని చెప్పెను. మేము 4వ సెక్షను సంగతి ఎత్తగా "తెలుసు సార్, అందుల ఒక మార్కు ప్రశ్న వస్తది" అనెను. 12వ సెక్షను కూడ ఉన్నది గదా, ఋజువు చేయవలసిన పని నీకు లేదు గదా అంటిమి.

"కోర్టు అట్లనే అనుకుంటది సార్. గని కేసు పెట్టినోనికి ఈ గల్లీల మల్ల రూము ఎవరిస్తరు?"

మాకు జవాబు దోచలేదు. ఇప్పుడతడు కొత్తపేటలో మిత్రుడు తన పేరిట తీసికొన్న గదిలో ఉన్నాడు. ఇంటివారు ఇద్దరిని అన్నదమ్ముల బిడ్డలనుకొని ఆ మిత్రుని ఇంటిపేరుతోనే పిలుచుదురట. మొదటి వారము పిలిచినప్పుడు పలుకుటకు ఆలస్యమగుచుండెడిదనియు, ఇప్పుడు వెంటనే పలుకుచున్నాననియు చెప్పెను.